పిల్లికి తిండి పెట్టిందెవరు?

"ఈ పిల్లి ఇంత బొద్దుగా ఎలా ఉంది?" అంది పోలీసు కెప్టెన్ నదెజ్ పెల్తియే.

వంటగదిలో ఫ్రిజ్ ఎక్కి కూర్చున్న బూడిదరంగు పిల్లి తీరిగ్గా కాలు నాక్కుంటోంది. దాని యజమాని శవాన్ని నిన్ననే ఈ ఇంట్లోంచి తీసుకెళ్ళారు.

"దానికీ ఒక ఫైలు తెరుస్తావా ఏమిటి?" గుమ్మంలో నిలబడి నవ్వాడు హోదాలో ఆమెకి పైవాడైన కమాండెంట్ బ్రిసార్.

పై అధికారులు పంపితే నిన్న మధ్యాహ్నం రువాన్ నుంచి ఈ రేవుపట్నం లె హావ్ర్‌కి వచ్చాడు బ్రిసార్. చీకటి పడేలోగా హంతకుణ్ణి పట్టేశాడు. పత్రికలవాళ్ళకి కబురు కూడా వెళ్ళిపోయింది. పట్టుకున్నది దిదియేని. అతను చనిపోయినవాడి మేనల్లుడు. ఉద్యోగం లేదు, తాగుడుంది, ఇంటి తాళంచెవి జేబులోనే ఉంది. బ్రిసార్‌కి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

చనిపోయినవాడు గాస్తోన్ లెరిష్. అరవై ఎనిమిదేళ్ళు. రేవులోకి వచ్చే ఓడలకి దారి చూపే పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. శుక్రవారం పొద్దున మేనల్లుడు తలుపు తీసేసరికి లెరిష్ హాల్లో కుర్చీకి కట్టేసి, నోటికి టేపు చుట్టి, ప్రాణం లేకుండా ఉన్నాడు. అలమారాలన్నీ తిరగేసి ఉన్నాయి. రిటైరైన రోజు తోటి పైలట్లు బహూకరించిన బంగారు చేతిగడియారం మాయమైంది.

"మంగళవారం సాయంత్రం మేనమామా మేనల్లుడూ అరుచుకున్నారని పక్కింటావిడ చెప్పింది" అన్నాడు బ్రిసార్. "ఆ రాత్రే పని కానిచ్చేశాడు. శుక్రవారం వచ్చి తనే కనిపెట్టినట్టు నాటకమాడాడు. ఇందులో నీకు అర్థం కానిదేమిటి?"

"మంగళవారం రాత్రి నుంచి శుక్రవారం పొద్దుటిదాకా ఈ పిల్లికి తిండెవరు పెట్టారో అర్థం కావట్లేదు."

"పిల్లులు ఎలుకల్ని తింటాయి. నీకెవరూ చెప్పలేదా?"

"ఎలుకలు సూప్ పళ్ళెంలోకి వచ్చి పడుకోవు కదా, కమాండెంట్."

నదెజ్ వంగి సింకు కింది తలుపు తీసింది. లోపల శుభ్రంగా కడిగి బోర్లించిన గిన్నె ఉంది. దాని మీద 'అడ్మిరల్' అని రాసి ఉంది. పిల్లి పేరు. బయట నేల మీద మాత్రం పూల అంచున్న సూప్ పళ్ళెం, అడుగున ఎండిపోయిన చేప ముక్కలు.

"దిదియే ఏళ్ళ తరబడి ఈ ఇంటికి వస్తున్నాడు. పిల్లి గిన్నె ఎక్కడుంటుందో అతనికి తెలియదా? ఇది ఇల్లు తెలియని మనిషి పని. కంటికి కనబడిన పళ్ళెం తీసి పెట్టేశారు."

నదెజ్ చేతికి గ్లవ్ తొడుక్కుని చెత్తబుట్టలో చెయ్యి పెట్టింది. కాఫీ పొడి కింద ఒక ప్లాస్టిక్ డబ్బా దొరికింది. సాల్మన్ చేప ముక్కలది. వీధి చివరి సూపర్‌మార్కెట్ లేబుల్ ఇంకా ఊడలేదు. ప్యాక్ చేసింది బుధవారం.

డబ్బాని అలాగే పట్టుకుని హాల్లోకి నడిచింది. కుర్చీ ఇంకా అక్కడే ఉంది. బల్ల మీద రెండు కాఫీ కప్పులు. పల్చటి పింగాణీ, బంగారు అంచు. మూల అద్దాల బీరువాలో మిగతా నాలుగూ వరసగా ఉన్నాయి.

"ఇవి పెళ్ళినాటి కప్పులు. రోజూ వాడే మగ్గులు వంటగదిలో కొక్కేలకి వేలాడుతున్నాయి. తాగొచ్చి గొడవపడే మేనల్లుడికి ఎవరైనా ఈ కప్పుల్లో కాఫీ పోస్తారా?"

"మా ఆవిడ పోస్తుంది, తన మేనల్లుడికి."

"సరే. ఇటు చూడండి. మరక."

కప్పొకటి ఒరిగి కార్పెట్ మీద కాఫీ ఒలికింది. గోధుమరంగు మరక అరచెయ్యంత పాకి ఎండిపోయింది. దాని మీదుగా రెండు సన్నని చారలున్నాయి, కుర్చీ కాళ్ళు ఈడ్చినవి. చారల వెంబడి ఎండిన మరక పొడిపొడిగా రాలింది.

"కాఫీ తడిగా ఉన్నప్పుడు కుర్చీ ఈడ్చి ఉంటే మరక చెరిగి పక్కకి పూసుకునేది. ఇది పూర్తిగా ఎండాక ఈడ్చారు. అంటే మర్నాడు. మనిషిని కుర్చీతో సహా ఇటు తిప్పారు."

"ఎటు?"

నదెజ్ చూపించింది. కుర్చీకి ఎదురుగా టీవీ.

"తలుపు తీసేసరికి టీవీ మోగుతోందని దిదియే చెప్పాడు. మీరు ఆ మాట వాంగ్మూలంలో రాయించలేదు. బుధవారం మధ్యాహ్నం నుంచీ ఆగకుండా టీవీ వినబడుతూనే ఉందని మీ పక్కింటావిడే నాకు చెప్పింది. మీరు ఆవిణ్ణి మంగళవారం గురించి తప్ప ఏమీ అడగలేదట."

బ్రిసార్ మొహం ఎర్రబడింది. "చూడు, పెల్తియే. నేను ఈ ఉద్యోగంలో చేరేటప్పటికి నువ్వు బళ్ళో ఉన్నావు. శవానికి టీవీ చూపించే హంతకుడు ఎక్కడా ఉండడు."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. శవపరీక్ష చేసిన డాక్టరు. డాక్టరు చెప్పిందంతా నదెజ్ వింది. పెట్టేసి, కుర్చీ వంక చూస్తూ అంది:

"అప్పటికి ఆయన శవం కాదు. మంగళవారం చనిపోలేదట. గురువారం తెల్లవారుజామున పోయాడు. నీళ్ళు లేవు, ముక్కుతో సరిగ్గా గాలాడలేదు. చివరికి గుండె ఆగింది." డబ్బా మీది తేదీని బొటనవేలితో తుడిచింది. "పిల్లికి చేప పెట్టినప్పుడు మనిషి పక్కగదిలో బతికే ఉన్నాడు."

ఈసారి బ్రిసార్ నవ్వలేదు.

సూపర్‌మార్కెట్ కెమెరాలో బుధవారం మధ్యాహ్నం సాల్మన్ కొన్నది ఒకే ఒక్కరు. పసుపు కోటు వేసుకున్న అమ్మాయి. కౌంటరు దగ్గర తన సొంత బ్యాంకు కార్డు గీకింది. దోచుకున్న ఇంటి పిల్లికి తిండి కొనడానికి సొంత పేరున్న కార్డు వాడిన దొంగని నదెజ్ అంతకు ముందు చూడలేదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆ అమ్మాయిని, పనిచేస్తున్న అత్తరు దుకాణంలోంచే స్టేషన్‌కి తీసుకొచ్చారు.

పేరు ఓరియాన్ డెల్కూర్. పంతొమ్మిదేళ్ళు. దుకాణం వాళ్ళ గులాబీరంగు చొక్కా, దాని మీద పేరు బిళ్ళ. తండ్రి ఇన్సూరెన్సు ఆఫీసులో అధికారి. తల్లికి పియానో తరగతులు. వకీలు కావాలా అని అడిగితే వద్దంది. తొందరగా అయిపోతుంది కదా అంది.

నదెజ్ ఎదురు కుర్చీలో కూర్చుంది. బ్రిసార్ పక్కగదిలో కెమెరా తెర ముందున్నాడు.

"నాకు పిల్లుల సంగతి తెలియదు" అంది నదెజ్. "మా వాడొకడు అడ్మిరల్‌ని వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. సాల్మన్ కొని పెట్టాడట. మూతి కూడా పెట్టలేదని ఫోన్ చేశాడు."

"చిన్న ముక్కలు చెయ్యాలి. పెద్దవి పెడితే తినడు" అనేసింది ఓరియాన్.

వెంటనే పెదవులు బిగించింది. అప్పటికే ఆలస్యమైంది.

"చేతితో చేశావా, కత్తితోనా?"

"చేతితోనే." ఓరియాన్ తన వేళ్ళ వంక చూసుకుంది. "వాసన రెండు రోజులు పోలేదు."

"మొదటినుంచి చెప్పు."

ఏడవకుండా, ఆగకుండా, దుకాణంలో అత్తరు ధర చెప్పినట్టే చెప్పింది. లెరిష్ తన గడియారాన్ని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడు. నాన్న పుట్టినరోజుకి కొనాలని ఉందంటూ ఓరియాన్ రాసింది. మంగళవారం రాత్రి, మేనల్లుడు వెళ్ళిపోయాక, వెళ్ళింది. ముసలాయన కోటు వేసుకుని, మంచి కప్పులు తీసి, కాఫీ పోశాడు. పిల్లిని ఒళ్ళో పెట్టాడు. ఓడల కబుర్లు చెప్పాడు. ఆమె చేతులు కడుక్కుంటానని లేచి వీధి తలుపు గడియ తీసింది. త్రిస్తాన్, లొయిక్ లోపలికొచ్చారు.

"త్రిస్తాన్ ఎవరు?"

"నా ఫ్రెండ్. వాళ్ళ నాన్న పళ్ళ డాక్టరు. లొయిక్ వాడి ఫ్రెండ్. హోటల్ కోర్సులో చేరి మానేశాడు."

"తిండికి లోటా మీకు?"

"లేదు."

"మరి?"

ఓరియాన్ భుజాలు ఎగరేసింది. "ఈ ఊళ్ళో ఏముంది మేడం? వాన, రేవు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు అదే ఆఫీసుకి వెళ్ళాడు. ఇంటికొచ్చి సోఫాలో నిద్రపోతాడు. ఫోన్ తెరిస్తే మా వయసు వాళ్ళందరూ దుబాయ్‌లో ఉంటారు, ఈతకొలనుల్లో. వాళ్ళేం కష్టపడ్డారు? త్రిస్తాన్ అంటాడు, మొదట కొంచెం చేతికి రావాలి, తర్వాత అదే నడిచిపోతుందని."

"లెరిష్ దగ్గర చేతికొచ్చిందా?"

"ఎక్కడ? ఇనప్పెట్టె ఎక్కడుందని త్రిస్తాన్ అడిగాడు. లేదు బాబూ అని ఆయన చెప్తూనే ఉన్నాడు. పైలట్ కదా, ఉండకపోవడమేమిటని వీడు కొట్టాడు. నిజంగానే లేదు. గడియారం వెనకేమో ఆయన పేరు చెక్కి ఉంది, ఓడ బొమ్మతో సహా. ఒక్కడూ కొనలేదు. అది లొయిక్ పెట్టుకుని తిరుగుతున్నాడు."

బల్ల కింద నదెజ్ రెండు చేతులూ పెనవేసుకుంది. గొంతు మారనివ్వలేదు.

"కట్లు విప్పకుండా వచ్చేశారు."

"పొద్దున్నే ఎవరో ఒకరు వస్తారని త్రిస్తాన్ అన్నాడు. ముసలాళ్ళకి రోజూ ఎవరో ఒకరు వస్తారుగా."

"మరి బుధవారం నువ్వెందుకు వెళ్ళావు? తాళం ఎక్కడిది?"

"తలుపు పక్కన మేకుకి ఇంకో తాళంచెవి ఉంటే మంగళవారమే తెచ్చాను. అడ్మిరల్ అరుస్తూ ఉంటాడని రాత్రంతా నాకు నిద్రపట్టలేదు. వాడేం చేశాడు పాపం."

"వెళ్ళేసరికి లెరిష్ ఎలా ఉన్నాడు?"

"అలాగే ఉన్నాడు. కుర్చీలో." మొదటిసారి ఓరియాన్ కళ్ళు దించింది. "నా వంక చూశాడు. ఊఁ, ఊఁ అన్నాడు. తల అటూ ఇటూ ఊపాడు. ఎవరూ రాలేదన్నమాట అనుకున్నాను. గోడ వైపు తిరిగి ఉన్నాడు, అలా ఉంటే ఎవరికైనా విసుగొస్తుంది కదా. అందుకని కుర్చీ తిప్పి, టీవీ పెట్టాను."

"టేపు తియ్యలేదు."

"తీస్తే అరుస్తాడుగా, మేడం."

"నీళ్ళు?"

"టేపు తియ్యకుండా ఎలా ఇస్తాను?"

ఆ అమ్మాయి నిజంగానే అడుగుతోంది. జవాబు కోసం చూస్తోంది. నదెజ్‌కి ఆ పసుపు కోటు కనబడింది, ఆ వంటగది కనబడింది. కూర్చుని, ఓపిగ్గా చేపని చిన్న ముక్కలు చేస్తున్న వేళ్ళు కనబడ్డాయి. పక్కగదిలో ఆ ఊఁ, ఊఁ.

"ఫోనుంది నీ దగ్గర. పేరు చెప్పకుండా అంబులెన్సుకి ఒక్క మాట చెప్పొచ్చు."

"చెప్దామనే అనుకున్నా. త్రిస్తాన్‌ని అడిగాను. నీకు పిచ్చా అన్నాడు. గురువారం మళ్ళీ వెళ్ళాను. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడని టీవీ సౌండు తగ్గించి వచ్చేశాను."

"నిద్రపోతున్నాడని నిజంగా అనుకున్నావా?"

ఓరియాన్ చొక్కా మీది పేరు బిళ్ళ సరిచేసుకుంది. "అనుకుందామని అనుకున్నాను" అంది.

నదెజ్ లేచి బయటికొచ్చింది. నడవాలో బ్రిసార్ ఎదురుపడ్డాడు. టై వదులు చేసుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది, కానీ గొంతులో బింకం తగ్గలేదు.

"మేనల్లుడే పంపి ఉంటాడు వీళ్ళని. ఇల్లు చూపించింది వాడే అయ్యుంటాడు."

"ఇల్లు చూపించింది లెరిష్ పెట్టిన ప్రకటన. దిదియేని వదిలెయ్యండి. రాత్రినుంచి వణుకుతూ కూర్చున్నాడు, మేనమామ అంత్యక్రియలకైనా వెళ్ళనివ్వమని అడుగుతున్నాడు."

"పత్రికలవాళ్ళకి నేనేం చెప్పాలి?"

"పొరపాటుపడ్డామని చెప్పండి. మీ నోట ఎలా వస్తుందో వినాలని నాకూ ఉంది."

"నోరు అదుపులో పెట్టుకో, కెప్టెన్!"

లోపలి గదిలో ఏదో బుర్రుమంది. బల్ల చివర సంచీలో సీలు వేసి పెట్టిన ఓరియాన్ ఫోన్. నదెజ్ వెనక్కి వెళ్ళి సంచీ పైకెత్తింది. తెర మీద త్రిస్తాన్ పేరు, కింద సందేశం.

'ఎక్కడ చచ్చావు? నువ్వు లేకుండానే వెళ్తున్నాం. నీ అన్ననని చెప్తాను.'

"ఎక్కడికి వెళ్తున్నారు?"

ఓరియాన్ గోడ గడియారం వంక చూసింది. "అయ్యో, ఇవాళ శనివారం కదూ. నాలుగింటికి రమ్మంది ఆవిడ."

"ఎవరావిడ?"

"మదాం లొర్మియే. సెంతద్రెస్‌లో, కొండమీద ఇల్లు. వాళ్ళాయన గడియారాలు మూడున్నాయట, ఆయన పోయాక అమ్మేస్తోంది. ఒక్కతే ఉంటుంది. నా కోసం ఆపిల్ కేకు చేస్తానంది." కాస్త ఆగి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అంది: "ఈసారి ముందే మత్తుమందు ఇద్దామన్నాడు లొయిక్. అప్పుడు అరవరు కదా. త్రిస్తాన్ మాత్రం చూసినవాళ్ళని వదలకూడదన్నాడు. నిన్న రాత్రి వార్తల్లో ముసలాయన సంగతి చూసినప్పటినుంచీ అదే అంటున్నాడు."

నాలుగు కావడానికి ఇంకా పావుగంట ఉంది. నదెజ్ తలుపు తోసి కేకేసింది. సాదా బట్టల్లో ఇద్దరు వెంటనే బయల్దేరాలి. సైరన్ మోగకూడదు. బండి సందు మొదట్లోనే ఆపాలి. చెప్పడం పూర్తికాకముందే ఇద్దరూ మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది.

తిరిగి చూసేసరికి బ్రిసార్ ఓరియాన్ ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో అతని ఫోన్. "ఆవిడ నంబరు చెప్పు."

"వద్దు!" అంది నదెజ్.

"తలుపు తియ్యొద్దని ఒక్క మాట చెప్తే అయిపోయేదానికి ఇదంతా ఎందుకు? మనవాళ్ళు కొండ ఎక్కేసరికి ఎంతసేపవుతుందో తెలుసా?"

"వాళ్ళు ముందే వెళ్ళి లోపలుంటే?"

"నాలుగింటికి రమ్మంటే నాలుగింటికే వస్తారు. దొంగలేమీ పెళ్ళివారు కాదు ముందే దిగడానికి." ఓరియాన్ చెప్పిన అంకెలు అప్పటికే నొక్కేశాడు. "ఆవిడకేమైనా అయితే, ఫోన్ చేసే వీలుండీ ఎందుకు చెయ్యలేదని అడుగుతారు. నిన్నూ నన్నూ కూడా."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అందుకే నదెజ్ ఒక్క క్షణం ఆగిపోయింది. అటువైపు ఫోన్ మోగుతోంది.

"ఆవిడ స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంది" అంది ఓరియాన్, మామూలుగా. "చెవులు సరిగ్గా వినబడవు. ఇల్లంతా వినబడుతుంది."

నదెజ్ ఫోన్ కోసం చెయ్యి చాచింది. ఆలోపే అటునుంచి ఎత్తారు.

"అల్లో? ఎవరండీ? గట్టిగా మాట్లాడండి!"

గొంతు హుషారుగా ఉంది. బ్రిసార్ తేలిగ్గా ఊపిరి వదిలి, చూశావా అన్నట్టు నదెజ్ వంక చూశాడు. "మదాం లొర్మియే, నేను పోలీసు కమాండెంట్‌ని. ఇవాళ మీ ఇంటికి ఎవరొచ్చినా తలుపు తియ్యకండి. వింటున్నారా? ఎవరొచ్చినా సరే."

"ఏమిటీ? పోలీసులా?" ముసలావిడ నవ్వింది. "తీసేశాను కదండీ! ఆ అమ్మాయికి ఒంట్లో బాగాలేదట, వాళ్ళ అన్నయ్యా, అతని స్నేహితుడూ వచ్చారు. కేకు తింటున్నారు. మంచి పిల్లలు." ఆవిడ గొంతు కొంచెం దూరమైంది. గదిలో ఎవరితోనో అంటోంది: "పోలీసులటర్రా. తలుపు తియ్యొద్దంటున్నారు. చూశారా చోద్యం."

చెంచా ఒకటి పళ్ళెంలో పెట్టిన చప్పుడైంది. కుర్చీ వెనక్కి జరిగింది. బూట్లు చెక్కనేల మీద నిదానంగా నడిచాయి. దూరంగా ఇనుప గడియ పడింది.

"తలుపెందుకు వేస్తున్నావు, బాబూ?" అంది ముసలావిడ.

అంతే. ఫోన్ తెగిపోయింది.

బ్రిసార్ ఫోన్ చెవికి ఆనించుకుని, "అల్లో? మదాం? అల్లో?" అంటూనే ఉన్నాడు. నదెజ్ అప్పటికే మెట్ల మీద పరుగెడుతోంది.